అనుదిన క్రైస్తవ జీవితంలో ఆత్మీయ అలవాట్లు నిలబెట్టుకోవడం ఎలా

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసి, కొత్త ఏడాదికి ఒక బైబిలు వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డు చేతిలో పట్టుకుని ఇంటికి వచ్చేవారిలో చాలామంది ఆ రాత్రే ఒక తీర్మానం చేసుకుంటారు: ఈ ఏడాది బైబిలు మొత్తం చదవాలి, రోజూ తెల్లవారుజామున లేచి ప్రార్థించాలి. జనవరిలో ఆదికాండము కథలా సాగిపోతుంది. నిర్గమకాండములో ఎర్రసముద్రం దాటేవరకు ఇబ్బంది ఉండదు. ఆ తర్వాత ప్రత్యక్ష గుడారపు పలకల కొలతలు, లేవీయకాండములో బలుల వివరాలు వస్తాయి. సరిగ్గా అదే సమయానికి పిల్లల పరీక్షలు, ఆఫీసులో సంవత్సరాంతపు లెక్కలు కూడా వచ్చి పడతాయి. మార్చి నాటికి బైబిలులో పెట్టిన గుర్తు కదలకుండా అక్కడే ఉండిపోతుంది. ఇలా ఆగిపోయినవారు తమకు భక్తి తక్కువని బాధపడతారు. నిజానికి చాలాసార్లు తక్కువైనది భక్తి కాదు, తీర్మానమే పెద్దదైంది. మనం చదివే 66 పుస్తకాల బైబిలులో 1189 అధ్యాయాలు ఉన్నాయి. ఏడాదిలో పూర్తి కావాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు ఒక్క రోజు కూడా తప్పకుండా చదవాలి. ఇంట్లో జ్వరం వచ్చిన రోజున, ఊరి ప్రయాణం ఉన్న రోజున, రాత్రి పదింటికి ఇల్లు చేరిన రోజున కూడా చేయగలిగినంత చిన్నదాన్ని అలవాటుగా పెట్టుకుంటేనే అది నిలుస్తుంది. కింద చెప్పే విషయాలన్నీ ఈ ఒక్క లెక్క మీద ఆధారపడినవే.

వేళ, చోటు

మొదట మీ రోజును ఉన్నది ఉన్నట్టుగా చూడండి. ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేస్తారు, నీళ్లు ఎప్పుడు వస్తాయి, టిఫిన్ డబ్బాలు ఎప్పుడు సర్దాలి, బస్సు ఎన్నింటికి అన్నది మీకు తెలిసిందే. రోజూ తప్పకుండా జరిగే ఒక పనికి ముందో వెనుకో వాక్యపఠనాన్ని జతచేయండి. పిల్లల స్కూలు బస్సు వెళ్లిన వెంటనే అనుకుంటే అది గడియారం చూడకుండానే గుర్తుకొస్తుంది. వీలున్నప్పుడు అనుకుంటే ఆ వీలు రాత్రి వరకు చిక్కదు. తెల్లవారుజామున నాలుగింటికి లేవనివారు ప్రార్థనాపరులు కారన్నట్టు సాగే ప్రసంగాలు మనకు కొత్త కావు గానీ, లేఖనంలో ఒకటే వేళ లేదు. దానియేలు రోజుకు మూడుసార్లు మోకాళ్లూనాడు. 55వ కీర్తన రాసినవాడు సాయంకాలము, ఉదయము, మధ్యాహ్నము అని మూడింటినీ చెప్పాడు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సుకు, అమెరికా వేళలకు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి రోజు మొదలయ్యేది సాయంత్రమే. వారు అప్పుడే ప్రార్థించుకోవచ్చు, అందులో తక్కువతనం ఏమీ లేదు.

చోటు విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఒక కుర్చీ, లేదా వంటింటి గట్టు పక్కన ఒక మూల చాలు. అయితే జిప్పు కవరులో పెట్టి ఆదివారం సంచిలో దాచే బైబిలును కవరు తీసి అక్కడే ఉంచండి. ఫోనులో చదవడం తప్పు కాదు గానీ, అధ్యాయం మధ్యలో బ్యాంకు మెసేజీ, బంధువుల గ్రూపులో పెళ్లి ఫొటోలు వస్తాయి కాబట్టి, ఇంట్లో ఉన్నంతసేపు అచ్చు పుస్తకమే మేలు. పొద్దున్నే నలుగురికి పూల బొమ్మ మీద వచనం పంపడాన్ని వాక్యపఠనం కింద లెక్కవేసుకోకండి.

ఎంత చదవాలి, ఎలా చదవాలి

క్రొత్త నిబంధనలో 260 అధ్యాయాలు ఉన్నాయి. వారానికి ఐదు చొప్పున చదివితే సరిగ్గా 52 వారాల్లో పూర్తవుతాయి. అంటే సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు ఒక అధ్యాయం, మిగిలిన రెండు రోజులూ ఖాళీ. తప్పిపోయినది ఆ రెండు రోజుల్లో చదవవచ్చు, ఏమీ తప్పకపోతే ఒక కీర్తన చదువుకోవచ్చు. మొదటిసారి అలవాటు చేసుకునేవారు మార్కు సువార్తతో మొదలుపెట్టడం మంచిది. 16 అధ్యాయాలే, కథ వేగంగా నడుస్తుంది. లేవీయకాండమును ఎప్పటికీ చదవవద్దని కాదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక చదివిన తర్వాత దాని దగ్గరికి వెళితే, ఆ బలులు ఎందుకు అంత వివరంగా ఉన్నాయో అర్థమై ఆసక్తి నిలుస్తుంది.

చదవడం అంటే కళ్లు పరిగెత్తించడం కాదు కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుందాం. మార్కు మొదటి అధ్యాయం 29వ వచనం నుంచి 39వ వచనం వరకు నెమ్మదిగా, వీలైతే పెదవులు కదిలేలా చదవండి. మొదట అడగవలసిన ప్రశ్న: అక్కడ ఏం జరిగింది? యేసు సమాజమందిరం నుంచి సీమోను ఇంటికి వెళ్లాడు, సీమోను అత్తకు జ్వరం, ఆయన చెయ్యి పట్టుకుని లేవనెత్తితే జ్వరం విడిచింది. పొద్దుగుంకిన తర్వాత పట్టణమంతా వాకిట కూడింది. ఎందుకు పొద్దుగుంకిన తర్వాతే వచ్చారు? 21వ వచనానికి వెనక్కి వెళితే అది విశ్రాంతిదినమని తెలుస్తుంది. సూర్యాస్తమయంతో ఆ దినం ముగిసింది కాబట్టి రోగులను మోసుకురావడానికి అప్పుడు వీలైంది. రాత్రి అలా గడిచినా, ఇంకా చాలా చీకటి ఉండగానే ఆయన లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశాడు. ఇక్కడ ఆగి రెండో ప్రశ్న అడగాలి: ఇది యేసును గురించి ఏం చెబుతోంది? సీమోను వెతుక్కుంటూ వచ్చి “అందరు నిన్ను వెదకుచున్నారు” అన్నాడు. వాకిట్లో జనం ఎదురుచూస్తుంటే, ఆయన వేరే ఊళ్లకు పోదాం రమ్మన్నాడు. అక్కరలు ఎన్ని ఉన్నా తన పని ఏదో ఆయనకు తెలుసు, దాన్ని తేల్చుకున్నది ఆ చీకటి వేళ ప్రార్థనలోనేనని అనుకోవడానికి ఆ వచనాల వరసే ఆధారం. మూడో ప్రశ్న మీ దగ్గరికి వస్తుంది: ఈ రోజు నన్ను అడుగుతున్నవారిలో ఎవరికి సరే అనాలి, ఎవరికి సున్నితంగా కాదని చెప్పాలి? జవాబును ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి ఒక్క వాక్యంలో రాయండి. ఇదంతా పదిహేను నిమిషాల పని.

మన ఇళ్లలో ఉన్న పాత అనువాదపు భాష చెవికి కమ్మగా ఉంటుంది, కంఠతా పట్టడానికి దానికి సాటి లేదు. కానీ పౌలు పత్రికల్లో వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పెద్దవారికే తికమకగా ఉంటుంది. వాడుక భాషలో వచ్చిన అనువాదాన్ని పక్కన ఉంచుకుని రెండూ చదివితే ఆ ఇబ్బంది తీరుతుంది. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకైతే ఇది తప్పనిసరి.

ప్రార్థన

ఏం ప్రార్థించాలో తెలియక రెండు నిమిషాల్లోనే మాటలు అయిపోయేవారికి ప్రభువు నేర్పిన ప్రార్థనకు మించిన సాధనం లేదు. దాన్ని రోజుకు మూడుసార్లు చెప్పుకోవాలని తొలి శతాబ్దాల సంఘానికి చెందిన దిదఖే అనే చిన్న ఉపదేశ గ్రంథం చెప్పింది. గబగబా అప్పజెప్పకుండా, ఒక్కో మనవి దగ్గర ఆగి మీ ఇంటి సంగతి అందులో పెట్టండి. “మా అనుదినాహారము” దగ్గర ఈ నెల అద్దె, బియ్యం, అన్నయ్య ఉద్యోగం వస్తాయి. “మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము” దగ్గర ఎవరి పేరైనా గొంతులో అడ్డుపడితే ఆ పేరును దాటి పోకండి. పొలం గట్టు దగ్గరో, పెళ్లిలో మర్యాదల దగ్గరో వచ్చిన ఆ పాత కోపం గురించే ఆ రోజు ప్రార్థన.

భాష గురించి ఒక మాట. మైకు ముందు చేసే ప్రార్థనలకు ఒక ధోరణి ఏర్పడిపోయింది, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా కొందరు అదే ధోరణిలో గొంతు పెంచుతారు. “నీ గదిలోనికి వెళ్లి తలుపువేసి” అని చెప్పిన ప్రభువుకు ఆ గదిలో మీ మామూలు తెలుగు చాలు. ఏడుపు వస్తే ఏడవవచ్చు, రాకపోతే తెచ్చుకోనక్కరలేదు.

ఇతరుల కోసం చేసే విజ్ఞాపనకు చిన్న ఏర్పాటు కావాలి, లేకపోతే “మీ కోసం ప్రార్థిస్తాను” అన్న మాట గాలికి పోతుంది. నోటుపుస్తకం చివరి పేజీలో ఏడు రోజులకు ఏడు గళ్లు గీసి, సోమవారం ఇంటివారు, మంగళవారం రోగులు, బుధవారం సంఘ కాపరి కుటుంబం, ఇలా పేర్లు పంచుకోండి. రోజుకు ఐదారు పేర్లు మించకూడదు. జవాబు వెంటనే కనబడుతుందన్న లెక్కతో ఇది మొదలుపెట్టవద్దు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు పక్కనున్న కొండెక్కి ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని వేడుకున్నారు. ఆ సేవకుడిగా వచ్చిన జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజున 2222 మంది బాప్తిస్మం పొందింది 1878 జూలై 3న. దాని వెనుక ఆ ఏళ్ల కరువు, కాలువ తవ్వకం పనులు, యెర్రగుంట్ల పేరయ్య వంటివారు పల్లె పల్లె తిరిగి చేసిన పరిచర్య, ఇంకా ఎన్నో ఉన్నాయి కాబట్టి కొండ మీద ప్రార్థించారు, జనం వచ్చారు అని రెండు ముక్కల్లో చెప్పేయడం సరికాదు. కానీ ఆ కొండ మీద ప్రార్థించిన తర్వాత ఆ సేవకుడు ఒంగోలులో స్థిరపడటానికి పన్నెండేళ్లు పట్టిందన్నది మాత్రం మన గళ్లలో పాతబడిన పేర్లు కొట్టేయాలనిపించినప్పుడు గుర్తుకు రావలసిన విషయం.

రాత్రి పడుకునే ముందు మూడు నిమిషాలు చాలు. “ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము” అని 103వ కీర్తన చెప్పినట్టు ఆ రోజు అందిన మేళ్లను పేరుపేరునా తలుచుకోండి; ఎవరితోనైనా మాట తూలి ఉంటే ఒప్పుకోండి. ఆ మనిషి పక్కగదిలోనే ఉంటే ప్రార్థన ఆపి వెళ్లి మాట్లాడి రండి. “సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు” అన్నది గోడకు తగిలించడానికి రాసింది కాదు.

కుటుంబ ప్రార్థన

తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఇది పాత ఆచారమే, ఇప్పుడు చాలాచోట్ల వారాంతానికో పుట్టినరోజుకో పరిమితమైంది. మళ్లీ మొదలుపెట్టాలనుకునేవారు ఒక పాట, పది వచనాలకు మించని భాగం, ఇద్దరి ప్రార్థన, ప్రభువు ప్రార్థన అని పెట్టుకుంటే పన్నెండు నిమిషాల్లో ముగుస్తుంది. పాట పల్లవి, రెండు చరణాలు చాలు. నాన్న ప్రసంగం చేయకూడదు. ఈ నియమం వినడానికి కఠినంగా ఉంటుంది గానీ, పిల్లలు ఆ కూడిక నుంచి తప్పించుకునేది నూటికి తొంభైసార్లు ప్రసంగం వల్లనే, అందులోనూ ఆ రోజు వచ్చిన మార్కుల మీద పరోక్షంగా సాగే ప్రసంగం వల్ల. వాక్యం పిల్లల చేత చదివించండి, ఏ మాట అర్థం కాలేదో అడగండి, మీకూ అర్థం కాకపోతే ఆదివారం పాస్టర్ గారిని అడుగుదామని చెప్పండి. పదిహేనేళ్ల అబ్బాయి ఒక రోజు నేను ప్రార్థన చేయను అంటే బలవంతపెట్టకుండా కూర్చోనివ్వండి. అమ్మ ఒక చేత్తో కూర కలుపుతూ వంటింట్లోంచి ఆమేన్ అనే ఇంట్లో వేళ మార్చవలసిన అవసరం ఉంది. ఆమె వచ్చి కూర్చోగలిగే వేళే కుటుంబ ప్రార్థన వేళ. నాయనమ్మ ఉంటే ఆమె కంఠతా వచ్చిన కీర్తన చెప్పమనండి. “యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు” అని ఆమె నోట వింటూ పెరిగిన పిల్లలకు ఆ కీర్తనను వేరుగా నేర్పించే పని ఉండదు.

ఆదివారం, కానుక, ఉపవాసం

సంఘంతో కూడుకోవడం మానుకోవద్దని హెబ్రీ పత్రిక చెప్పిన తర్వాత దాని మీద వాదన అక్కరలేదు. యూట్యూబులో ప్రసంగం ఎంత బాగున్నా, అది మీరు రాలేదని గమనించదు, మీ ఇంట్లో చావు జరిగితే రాదు. కువైట్ వంటి చోట్ల వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి అక్కడి తెలుగువారు ఆ రోజే ఆరాధనకు కూడుకుంటారు. రోజు ఏదైనా కూడిక ముఖ్యం. అక్కడ యజమానుల ఇంట్లోనే ఉంటూ పనిచేసే అక్కచెల్లెళ్లకు ఆ సెలవు కూడా దొరకనప్పుడు ఫోనులో ఇద్దరు ముగ్గురు కలిసి ప్రార్థించినా అది కూడికే.

కానీ విశ్రాంతి సంగతి మనం సరిగా పట్టించుకోవడం లేదు. “విశ్రాంతిదినమును పరిశుద్ధముగా ఆచరించుటకు జ్ఞాపకముంచుకొనుము” అన్న ఆజ్ఞలో దాసుడు, దాసి, పశువు కూడా ఉన్నాయి. మన ఆదివారాల్లో ఇంటి ఇల్లాలే లేదు. పొద్దున ఆరాధనకు పిల్లలను తయారుచేసి, మధ్యాహ్నం కోడికూర వండి, వచ్చిన చుట్టాలకు వడ్డించి, సాయంత్రం స్త్రీల కూడికకు పరుగెత్తే మనిషికి అది వారంలో అన్నిటికన్నా బరువైన రోజు. ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి ముద్ద శనివారమే సిద్ధం చేసుకోవడం, భోజనాలయ్యాక గిన్నెలు మగవారు కడగడం, నెలకు ఒక ఆదివారం సాయంత్రం ఏ కూడికా పెట్టకుండా సంఘమే నిర్ణయించుకోవడం వంటివి కూడా ఆత్మీయ అలవాట్లే. పాస్టర్ గారికి, పాస్టరమ్మ గారికి సోమవారం ఫోను చేయకుండా ఉండటాన్నీ ఈ పట్టికలో చేర్చవచ్చు.

కానుక విషయంలో పౌలు కొరింథీయులకు చెప్పిన పద్ధతి సులువు: వారం మొదటి రోజున, వచ్చినదాని కొలది, ముందే తీసి పెట్టడం. నెల జీతమైతే జీతం పడిన రోజునే. 1912లో బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య నాయకత్వంలోని దోర్నకల్ సంఘాల్లో పేద కూలి కుటుంబాల స్త్రీలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం మందిరానికి వచ్చేది. మిగిలితే ఇద్దామనుకుంటే ఆ ఇళ్లలో మిగిలేది ఉండేది కాదు. ఇస్తే రెట్టింపు వస్తుందని ఆశపెట్టే బోధకు ఇక్కడ చోటు లేదు, అప్పు చేసి ఇవ్వమనేవారికి అసలే లేదు.

శుక్రవారపు ఉపవాస ప్రార్థన మన సంఘాల్లో బాగా పాతుకున్నది. శ్రమల దినాల్లో భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు రోజు వరకు 46 రోజులు ఉన్నా, ఆరు ఆదివారాలు పునరుత్థాన దినాలు కాబట్టి వాటిని తీసివేసి నలభైగా లెక్కిస్తారు. ఉపవాసం కొత్తగా మొదలుపెట్టేవారు ఒక్క పూట భోజనం మానితే చాలు, నీళ్లు తప్పక తాగాలి. ఇన్సులిన్ లేదా చక్కెర తగ్గించే మాత్రలు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా భోజనం మానకూడదు. చక్కెర పడిపోయి స్పృహ తప్పడం నిజంగా జరిగే ప్రమాదం. వారికి ఫోను, టీవీ మానడం ఉపవాసమవుతుంది. మందులు మానేయడం మాత్రం ఎవరికీ ఉపవాసం కాదు. ఆ పూట మిగిలిన అన్నం, డబ్బు ఆకలిగొన్నవారికి చేరాలని యెషయా 58వ అధ్యాయం స్పష్టంగా చెప్పింది కాబట్టి ఉపవాసపు రోజున కానుక డబ్బాలోనో, పక్కింటి విధవరాలి ఇంట్లోనో ఆ లెక్క తేలాలి.

తప్పిపోయినప్పుడు

నాలుగు రోజులు చదవలేకపోతే ఐదో రోజున ఐదు అధ్యాయాలు చదవడానికి కూర్చోకండి. ఆ రోజు అధ్యాయం ఆ రోజు చదివి, తప్పినవాటిలో వారాంతపు ఖాళీ రోజుల్లో పట్టనివి వదిలేయండి. ఇంతకన్నా జాగ్రత్తగా చూసుకోవలసినది భయం. పొద్దున ప్రార్థన చేయలేదు, అందుకే బండి మీద నుంచి పడ్డాను అనే లెక్క మన విశ్వాసుల మాటల్లో తరచుగా వినబడుతుంది, కొన్ని సాక్ష్యాలు దాన్ని పెంచుతాయి కూడా. సిలోయములో గోపురం పడి చచ్చిన 18 మంది యెరూషలేములో ఉన్న తక్కినవారికన్నా అపరాధులని తలంచుతున్నారా అని యేసు అడిగి, కాదని తానే చెప్పాడు. వాక్యపఠనం ఆపద రాకుండా కట్టుకునే తాయెత్తు కాదు. అలవాటు తప్పిన రోజున మీకు దిగులు కాక వణుకు పుడుతుంటే, అలవాటును పెంచే ముందు ఆ వణుకు గురించి అనుభవమున్న కాపరితో మాట్లాడండి.

మరికొన్నిసార్లు అలవాటు తప్పకపోయినా మనసు ఎండిపోతుంది. అప్పుడు సొంత మాటలు వెతుక్కోకుండా 13వ కీర్తన, 88వ కీర్తన వంటివాటిని గట్టిగా చదవండి; 88వది చివరి వరకు చీకటిలోనే ఉంటుంది, అయినా అది ప్రార్థనే. ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవదూత అతనికి ఉపదేశం చేయకుండా, రొట్టె పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, బతకాలనిపించకపోవడం వారాల తరబడి ఉంటే ప్రార్థనతో పాటు మానసిక వైద్యుణ్ణి కలవడం ఆలస్యం చేయవద్దు, ఇంట్లో ఒకరికి ఆ రోజే చెప్పండి.

ఒక్కరికైనా మీ అలవాటు సంగతి తెలిసి ఉండటం మంచిది. స్త్రీలకు ఒక అక్క, పురుషులకు ఒక అన్న, నెలకోసారి టీ తాగుతూ ఎలా సాగుతోంది అని అడిగేవారు చాలు. రోజూ టిక్కులు పెట్టించే వాట్సాప్ గ్రూపులు మొదటి వారం ఉత్సాహంగా ఉంటాయి, తర్వాత చదవకుండానే టిక్కు పెట్టడం నేర్పుతాయి.

మూడు నెలలయ్యాక ఇంటివారిని ఒక ప్రశ్న అడగండి: నా కోపం, నా మాట, నేను చెప్పిన పని చేయడం, వీటిలో ఏమైనా మారిందా? జీవిత భాగస్వామి, పిల్లలు చెప్పేది నోటుపుస్తకంలోని తేదీలకన్నా నమ్మదగిన లెక్క. మారలేదంటే కొత్తగా ఏదీ చేర్చకుండా, రోజూ అడిగే మూడో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. కాస్త మారిందంటే ఒక్కటే కలపండి: వారానికి ఒక వచనం కంఠతా, లేదా శుక్రవారం ఒక పూట ఉపవాసం, లేదా నెలకోసారి రోగులను చూసి రావడం. వీటిలో ఏది ముందన్న సందేహం వస్తే రోగులను చూసి రావడంతో మొదలుపెట్టండి, వెళ్లేటప్పుడు పిల్లల్లో ఒకరిని వెంట తీసుకెళ్లండి, అక్కడ పది నిమిషాలకు మించి కూర్చోకండి.